పొగకు పనికొచ్చే కట్టె

రాజపాళయం,
ఆడి నెల, 1957.

ప్రియమైన బావకు,

ఇక్కడ ఆడిగాలి పట్టుకుంది. కొండ మీది నుంచి దిగి వీధిలో దుమ్మంతా ఎత్తి ఇంట్లో పోస్తోంది. ఈ రోజు పనంతా గాలితోనే సరిపోయింది. పొగగది తలుపు సందుల్లో తడి గోనెలు కుక్కాను. అయినా దూరి కట్టెను ఊదుతోంది. కట్టె మండితే మాంసం ఉడుకుతుంది గాని పొగ పట్టదు, ఈ ఇంట్లో పుట్టిన మీకు నేను చెప్పాల్సిన మాట కాదు. బూడిద కప్పడం, మళ్ళీ తీయడం, మధ్యాహ్నం దాకా అదే. మిల్లు రాజుగారి భార్య మంగళం అమ్మ చెప్పిన పొట్టేలు కండల్లో సగం దండెం మీద ఎర్రబడి దిగాయి. మిగతా సగం ఉప్పులో ఉన్నాయి.

మీ ఉత్తరం అందింది. ఏలక్కాయ తోట ఆఫీసులో రైటర్ పని ఖాయం చేశారని, రెండు గదుల క్వార్టర్స్ ఇచ్చారని అత్తకు చదివి వినిపించాను. "కొడుకు కుర్చీలో కూచున్నాడు, సరి. లేచి నడిచేది మరిచిపోకుంటే చాలు" అన్నది. సంతోషమే. కుటుంబం లేని మనిషికి క్వార్టర్స్ ఎక్కువ రోజులు ఉంచరని, పురట్టాసిలో ఎలాగూ మనవాళ్ళెవరూ మాంసం ముట్టరు, పొయ్యి ఆరి ఉంటుంది కాబట్టి అప్పుడు వచ్చేయమని రాశారు. సబబైన మాటే. నాకూ ఇక్కడ ఒక చోట నిలవబుద్ధి కావడం లేదు. మీ వైపు వచ్చే మదురై బస్సు హారన్ వినబడితే చేతిలో పని ఆగిపోతోంది. చివర మీరు రాసిన నాలుగు పంక్తులు మాత్రం అత్తకు చదవలేదు.

అత్తకు ఫ్లూ జ్వరం పూర్తిగా తగ్గింది. మన వీధిలో పోయిన ఆని నెలంతా మనిషి పడుకోని ఇల్లు లేదు. మిల్లు కూత వేసినా వెళ్ళేవాళ్ళు సగమే. ఇప్పుడు అందరూ లేచారు. అత్త కూడా లేచి నా మీద అరుస్తోంది, కాబట్టి దిగులు పడవద్దు.

ఇప్పటి కష్టమంతా కట్టెది. దొడ్లో జామచెట్లు రెండూ చెదపట్టి పోయాయి. పడిన కొమ్మలు ఎండబెట్టి పొదుపుగా వాడుతూ వచ్చాం, అవీ ఈ దండెంతో అయిపోయాయి. కట్టెల డిపోలో అడిగితే సరుగుడు ఇస్తాడు, అందులో వేప కలిపి తూకం వేస్తాడు. సరుగుడుకు పొగ లేదు. వేప పొగ పట్టిన మాంసం కషాయం. మామిడి దొరుకుతుంది గాని పచ్చిది, జిగురు కారి మసి అంటుతుంది. కొబ్బరి చిప్పలు మంచివే, కాసేపటికే బూడిద. పత్తికట్టె ఊరంతా ఉంది, ఇప్పుడు చేలకు మందు కొడుతున్నారు, దాని పొగకు మనుషులే దగ్గుతున్నారు. తళవాయిపురంలో నేరేడు కొమ్మ ఉందంటే బస్సెక్కి పోయాను. పోయేసరికి బండి పనికి నరికేశారు. ఇక మిగిలింది కంచెల్లో సీమ ముల్లు, ఆ సీమ తుమ్మ. దాన్ని వేన్నీళ్ళకు, వడ్లు ఉడకబెట్టడానికి తప్ప మనింట్లో ఎవరూ పొయ్యిలో పెట్టరు కదా.

నిన్న గానుగ ఆడించే చొక్కలింగం బండి తోలుకొని వచ్చాడు. వాళ్ళు నూనెకు మిషను పెట్టుకున్నారు, పాత సెక్కు గానుగ విప్పేశారు. ఆ చింత మొద్దు నాలుగు చెక్కలు చేసి తెచ్చాడు.

"అక్కా, మా తాత నాటి సెక్కు ఇది. ఇనుముకైనా తుప్పు పడతాది, దీనికి పట్టదు."

"తుప్పు పట్టనిది కాలతాదా, చొక్కలింగం?" అన్నది అత్త.

"కాలకపోతే నన్ను కాల్చు అక్కా."

"నిన్ను కాలిస్తే నూనె కంపు, పొగ రాదు" అని అత్త ఒక పేడు విరిచి, విరిగిన చోట ముక్కు దగ్గర పెట్టుకున్నది. ఎప్పుడూ పెట్టుకునేదాని కంటే ఎక్కువసేపు పెట్టుకున్నది. "మంచి కట్టె" అన్నది. మొద్దు దించించాం.

రేపు అన్నం ముద్దకు పొగ పెట్టి చూడాలి. చద్దన్నం ముద్ద కొత్త కట్టె మీద కట్టి, పొగ పట్టాక ఇంటి పెద్ద ఆడది తిని చెప్పేదాకా మాంసం కట్టకూడదన్న ఆచారం మీ అమ్మ ఒక్కనాడూ తప్పలేదు. ఆమె తినకముందు ఇంకొకరు రుచి చూడకూడదు. కాబట్టి ఇప్పుడే వస్తానని రాయలేను. ఈ కట్టె సంగతి తేలనివ్వండి. గాలి మళ్ళీ తలుపు కొడుతోంది, పోయి చూడాలి.

ఇట్లు మీ
నాచ్చియార్

*

రాజపాళయం,
ఆవణి నెల.

నా బావకు,

నాలుగు రోజులుగా చినుకు లేదు, గాలి లేదు, ఉక్క. ఉప్పు చెమ్మగిల్లుతోంది. పొద్దున మిరపకాయలు దంచాను, కండలకు దారాలు పేనాను. చెప్పవలసింది ఒకటుంది, చెప్పే ముందు రెండుసార్లు లేచి వీధి గుమ్మం దాకా వెళ్ళి వచ్చాను. అరవంలో రాస్తే మీ ఆఫీసులో ఎవరి చేతిలో పడితే వాళ్ళు చదువుతారు. నాన్న కొట్టి నేర్పిన తెలుగు అక్షరాలు ఇందుకు పనికొస్తున్నాయి.

అత్తకు వాసన తెలియడం లేదు. జ్వరం పోతూ ఆమె ముక్కును తీసుకుపోయింది.

అన్నం ముద్ద కట్టకముందే, మొదట పందికొక్కు వల్ల తెలిసింది. పొగగదిలో కట్టెల వెనక చచ్చి ఉబ్బిపోయింది. నేను గుమ్మం దగ్గరే కొంగు ముక్కుకు పెట్టుకొని ఆగిపోయాను. అత్త దాని పక్కనే పీట వేసుకొని, తమలపాకు నములుతూ, దారాలకు ముళ్ళు వేస్తోంది. "ఏమే, దయ్యాన్ని చూసినట్టు నిలబడితివి?" అన్నది. ఆ సాయంత్రం వేపపుల్ల ఒకటి, జామపుల్ల ఒకటి తొక్క తీసి ఆమె చేతికిచ్చి ఏది ఏదని అడిగాను. రెండూ ముక్కు దగ్గర పెట్టుకున్నది. "నీకు కండ్లు లేవా? చూసి తెలుసుకో. అన్నీ నేనే చెప్పాలనా?" అని విసిరేసింది. పుల్లలు ఏరుకొని వచ్చేశాను.

ఇప్పుడు గానుగ మొద్దు సంగతి. దాని మీద అన్నం ముద్ద కట్టిన రోజు కట్టె వేడెక్కగానే నాకు తెలిసింది. అది చింత కట్టే, అబద్ధం లేదు. కానీ చొక్కలింగం తాత ఆ గానుగలో ఆడింది నువ్వులు కాదు, వేపగింజలు. ఎన్ని ఏళ్ళ నూనె తాగిందో, పైకి ఎండిపోయి ఏమీ లేనట్టుంది, నిప్పు తగిలేసరికి లోపలిదంతా బయటికి వచ్చింది. ముక్కున్న వాళ్ళు ఆ గదిలో నిలవలేరు. అత్త ముద్ద తిన్నది. నిదానంగా నమిలింది. నాలుకకు చేదు తగిలి ఉండదు, వాసనదే కదా అంతా. "బాగుండాది. కండలు కట్టు" అన్నది.

ఆ క్షణంలో చెప్పి ఉండాలి. చెప్పలేదు. మామ పోయాక ఆ పొయ్యి మీదే ఆమె మిమ్మల్ని చదివించింది. ఊళ్ళో ఆమెను అఖిలాండం అని పిలిచేవాళ్ళ కంటే పొగకండ అక్క అని పిలిచేవాళ్ళే ఎక్కువ. పుల్ల విరిచి వాసన చూసి ఏ చెట్టుదో, ఏ కొమ్మదో చెప్పే మనిషితో నీకు ముక్కు లేదని అనడానికి నాకు నోరు రాలేదు. సరేనని కండలు కట్టాను, నిప్పుకు మాత్రం నిండా బూడిద కప్పి పొగ లేవనివ్వలేదు.

మర్నాడు అత్త మారియమ్మ గుడికి అంబలి పోయడానికి వెళ్ళింది. ఆమె వీధి మలుపు తిరగగానే మొద్దు నిప్పులు ఎత్తి నీళ్ళల్లో పోశాను. పొగగది కడిగాను. వేయడానికి వేరే కట్టె లేదు. కంచెలో నిరుడు కొట్టి పడేసిన సీమ ముల్లు ఎండి ఉంది. ముళ్ళు కొట్టేసి తెచ్చి అంటించాను. ఒక అన్నం ముద్ద కట్టి, పొగ పట్టాక నేనే తిన్నాను, ఇంటి పెద్ద కంటే ముందు. వేరుశనగ వేయించినట్టు ఒక వాసన, చివర కొద్దిగా తీపి. నమ్మకం కలగక ఇంకో ముద్ద తిన్నాను. అత్త తిరిగి వచ్చేసరికి పైన గానుగ చెక్క ఒకటి పేర్చి, కింద ముల్లు రాజేసి కూర్చున్నాను.

"చేతులకు ఏమైనాది?" అని అడిగింది.

"కంచె కట్టినాను, అత్తా."

"పొయ్యి విడిచిపెట్టి కంచె ఏమిటికి ఇప్పుడు?" అని బూడిద సర్ది, "చూస్తివా, సెక్కు మొద్దు నిదానం. ఇది కదా కట్టె" అన్నది.

మంగళం అమ్మ ఇంటి వంటమనిషి మునియమ్మాళ్ పోయిన వారం వచ్చింది. జామ పొగ పట్టిన మొదటి బుట్ట ఎప్పటిలాగే ఉందట. రెండో బుట్ట తిని అమ్మ వంటింట్లోకి వచ్చి మరీ అడిగిందట, ఇది ఏ కట్టె మీద పట్టించారు అని.

"సెక్కు చింత" అన్నది అత్త, నడుం మీద చెయ్యి పెట్టుకొని. "ఊళ్ళో ఇంకెవరికీ దొరకదు. మా నాచ్చియారును అడుగు."

మునియమ్మాళ్ నన్ను చూసింది. నేను తల ఊపాను. దీపావళికి వాళ్ళ కొత్త అల్లుడు వస్తున్నాడు, రెండు పొట్టేళ్ళు అదే కట్టె మీద కావాలని చెప్పి వెళ్ళింది.

అందుకే పురట్టాసిలో రాలేను, బావా. ఐప్పసి వాన దిగేలోపు ముల్లు కొట్టి, ఎండబెట్టి, ఆమె కంట పడకుండా గానుగ చెక్కల కింద పేర్చాలి. నేను లేకపోతే ఆమె ఆ మొద్దే అంటిస్తుంది. కొనే ముందు మాంసం వాసన చూసేది కూడా ఇప్పుడు నేనే, ఆమెకు తెలియకుండా. క్వార్టర్స్ సంగతి హెడ్ క్లర్కును కొంచెం ఆపమనండి. ఈ మాట మీలోనే ఉంచుకోండి.

మీ
నాచ్చియార్

*

రాజపాళయం,
పురట్టాసి నెల.

బావా,

మీ కోపం అందింది. "అమ్మకు ముక్కు పోతే పొయ్యి మూసేయండి, నేను డబ్బు పంపుతాను, అందులో ఏముంది" అని రాశారు.

ఇక్కడ వాన ఇంకా రాలేదు, మబ్బు మాత్రం రోజూ కొండ దాకా వచ్చి నిలబడుతోంది. పని లేదు. పొయ్యి ఆరి ఉంది. అయినా పొద్దున లేచి పొగగదిలోకి వెళ్ళి బూడిద కెలికి వస్తున్నాను. మళ్ళీ కాసేపటికి వెళ్తున్నాను. అత్త కూడా అంతే. ఇద్దరం గుమ్మంలో ఎదురుపడితే ఒకరినొకరు తప్పుకొని పోతున్నాం. పత్తి మిషను దగ్గర గింజ తీసే పనికి రమ్మని పక్కింటివాళ్ళు పిలిస్తే ఒక రోజు వెళ్ళాను. కూర్చోలేక వచ్చేశాను.

రాకపోవడానికి అసలు కారణం ఏమిటని మీరు అడిగారు కాబట్టి రాస్తున్నాను. మొన్న ఎండల్లో, చిత్తిరై నెలలో మీరు సెలవు మీద వచ్చినప్పుడు మీ ఆఫీసు స్నేహితుణ్ణి వెంట తెచ్చారు. ఆ రాత్రి మీరు అరుగు మీద చాప వేసుకున్నారు. లోపల పడుకోవా అని ఆయన అడిగితే, "ఆమె పక్కన పడుకుంటే దండెం మీద వేలాడినట్టు ఉంటుంది" అన్నారు. ఆయన నవ్వాడు. మీరూ నవ్వారు. నేను చెంబుతో నీళ్ళు తెస్తూ తలుపు ఇవతల ఉన్నాను. నీళ్ళు అక్కడే పెట్టి వెళ్ళిపోయాను. ఆడి నెల ఉత్తరం చివర మళ్ళీ రాశారు, ఆ చీరలు అక్కడే వదిలిపెట్టి రా, నెల ముందు నుంచి సీకాయతో తల రుద్దుకో, పక్క క్వార్టర్స్ హెడ్ క్లర్కుది, వాళ్ళావిడ పట్నం మనిషి అని. నేను అత్తకు చదవని నాలుగు పంక్తులు అవే.

మీరు చెప్పినట్టే చేస్తున్నాను. ఈ నెల పొగ లేదు గదా. సీకాయ, తల రుద్దే అరప్పు ఆకు, సాంబ్రాణి, అన్నీ అయ్యాయి. రోజూ జుట్టు ముక్కు దగ్గరికి లాక్కొని చూసుకునేదాన్ని. నిన్న చూసుకుంటే ఏ వాసనా లేదు. పొగ లేదు, నాదీ లేదు. భయం వేసింది. ఎందుకో రాయడం చేతకాదు.

దీపావళి పని అయిపోగానే బయలుదేరుతాను. అత్తకు ఇంకా చెప్పలేదు. నేను వచ్చేశాక ఆమె సెక్కు మొద్దు అంటించుకుంటుందో ఏం చేస్తుందో, అది నాకు పట్టని సంగతి అనుకోవాలని చూస్తున్నాను. రెండు కొత్త చీరలు తీసుకున్నాను. పెట్టెలో, పొగకు దూరంగా, అమ్మ వాళ్ళింట్లో సేత్తూరులో పెట్టాను.

నాచ్చియార్

*

రాజపాళయం,
ఐప్పసి నెల, దీపావళి వెళ్ళాక.

ప్రియమైన బావకు,

వాన వదలడం లేదు. ఈ రోజు మళ్ళీ దండెం కట్టాను, పొయ్యి అంటించాను, పైకప్పు మీద జారిన పెంకులు సర్దాను. చెప్పవలసినవి చాలా ఉన్నాయి, వరుసగా చెబుతాను.

దీపావళికి ముందు నాన్న సేత్తూరులో చేను గట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడని కబురు వస్తే వెళ్ళాను. వెళ్ళేముందు అత్తతో, పొట్టేళ్ళు వచ్చినా నేను వచ్చేదాకా కట్టవద్దు అన్నాను. "మా తమ్ముడి కాలు చూసిరా పో. నా పొయ్యి నాకు తెలుసు" అన్నది. నేను అక్కడ ఉండగానే వాన మొదలైంది. పచ్చి మాంసం ఆగదని అత్త తనే దండెం కట్టింది. చెక్కలు తీస్తే కింద ముల్లు కనబడిందట. ఏ మూర్ఖుడు పెట్టాడో అనుకొని సగం వేన్నీళ్ళ పొయ్యిలో పెట్టేసింది. మంగళం అమ్మ మెచ్చుకున్న కట్టె అని గానుగ మొద్దు నిండుగా రాజేసింది. నేను తిరిగి వచ్చేసరికి మాంసం రాజుగారింటికి వెళ్ళిపోయింది. గుమ్మంలో అడుగు పెట్టగానే వేపనూనె కంపు కొట్టింది.

మర్నాడు పొద్దున్నే మునియమ్మాళ్ గొడుగు వేసుకొని బుట్టతో వచ్చింది. అరుగు మీద పెట్టింది.

"అక్కా, మా అమ్మ ఏమీ అనలేదు. నేనే అంటాను. మా వేటకుక్కకు ఒక ముక్క వేస్తిని. అది వాసన చూసి, నా మొగం చూసి, పక్కకు పోయి పడుకునింది. ఎలుకను వదలని కుక్క అక్కా అది."

"మీ కుక్కకు ఏం తెలుసు? రాజుల ఇంట్లో పెరిగినాది, గర్వం" అన్నది అత్త.

"గర్వం కాదు అక్కా. ముక్కు."

ఆమె వేరే అర్థంతో అనలేదు. ఆమెకు ఏమీ తెలియదు. కానీ అత్త కూర్చుండిపోయింది. మునియమ్మాళ్ వెళ్ళాక ఒక కండ తీసి ముక్కుకు ఆనించుకుంది, కొరికింది, చాలాసేపు నమిలింది.

"ఉప్పు సరిగ్గా ఉండాది. కారం సరిగ్గా ఉండాది. ఇంకేముంది దీంట్లో? చెప్పు."

"వేపనూనె, అత్తా."

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"ఆడి నుంచి."

"నాకు ఆని నుంచి తెలుసు, నా ముక్కు సంగతి. నీకు తెలీదనుకుంటిని." కండను బుట్టలో వేసి, "మరి పోయినసారి మెచ్చుకున్నారే?" అన్నది.

చెప్పాను. నేను నిప్పులు నీళ్ళల్లో పోయడం, ముల్లు అంటించడం, ఆమె కంటే ముందు ముద్ద తినడం, అన్నీ. ఆమె కోప్పడుతుందని అనుకున్నాను, అరవలేదు. గొంతు తగ్గించి అన్నది. "నా నోటితో సెక్కు అని చెప్పించి పక్కన నిలబడి తల ఊపితివి. నన్ను బొమ్మల కొలువులో బొమ్మ చేసినావు. ముక్కు పోయినాదని ఒక మాట నా మొగాన చెప్పుంటే ఏడ్చి ఊరుకుందును. ఈ మాంసం పొయ్యేది కాదు, పేరు పొయ్యేది కాదు."

నిజమే. ఆమెకు నొప్పి కలగకూడదని నేను దాచిందే ఆమె మొద్దును నమ్మడానికి కారణమైంది. నేను దాచకపోతే ఆమె దాన్ని మళ్ళీ ముట్టేది కాదు. అది నేను ఇప్పుడు కూడా లెక్క సరిచూసుకుంటున్నాను, ఎటు కూడినా అంతే వస్తోంది.

ఆ మాంసం గుంట తీసి పూడ్చాం. వాటికి బదులు రెండు పొట్టేళ్ళు మన డబ్బుతో కొనాల్సి వచ్చింది. అత్త నాతో మాట్లాడలేదు. మిగిలిన ముల్లు అరిచేయంత ముక్కలు చేసి ఆరబెట్టి, దండెం కట్టాను. ఉప్పు అత్త పెట్టింది, మాట లేకుండా. పండగ ముందురోజు బుట్ట తీసుకొని నేనే మంగళం అమ్మ దగ్గరికి వెళ్ళి, ముందు పంపింది తప్పు కట్టె, ఇది సీమ ముల్లు, మీరు పోయినసారి మెచ్చుకున్నదీ ఇదే అని చెప్పాను. ఆమె ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. "ముల్లో గిల్లో నాకేమిటికి? అల్లుడికి చెప్పబాకు, అంతే" అన్నది.

ఆ మాట వచ్చి అత్తకు చెప్పాను. అన్ని రోజుల తరవాత అప్పుడు నోరు తెరిచింది.

"రాజుల ఇంటి అల్లుడు వేన్నీళ్ళ ముల్లు పొగ తింటాడా?"

"తింటాడు అత్తా."

నవ్వడం మొదలుపెట్టింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. "మా అత్త వినుంటే నన్ను దండెం మీద కట్టుండును" అన్నది. నవ్వు ఆగాక నా ఎదురుగా కూర్చుంది. సేత్తూరు నుంచి వచ్చినప్పుడు నా పెట్టె కూడా తెచ్చి మూలన పెట్టాను, దాని వైపు చూసింది.

"పోతాండావా, పాండురంగం దగ్గరికి?"

"పండగ కాగానే వస్తానని రాసినాను."

"వాడు అరుగు మీద అన్న మాట నాకు వినబడలేదనుకుంటివా? నాకు ముక్కే పోయినాది. చెవులు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి." నా వైపు జరిగింది. "నీకు పోవాలని ఉండాదా లేదా, నిజం చెప్పు."

పొయ్యి చూసి వస్తానని లేచాను. పొయ్యి బాగానే ఉంది. కాసేపు అక్కడ నిలబడి, కప్పిన బూడిదనే మళ్ళీ కప్పి తిరిగి వచ్చేసరికి అత్త కొక్కెం మీద నుంచి తన సంచి దించి దులుపుతోంది.

"ఏంది అత్తా?"

"వాడికి పొగ వాసన పడదంట. నాకు ఏ వాసనా పడేది లేదు. మేమిద్దరం సరిపోతాము. అన్నం వండేదానికి ముక్కు ఏమిటికి? క్వార్టర్స్‌కు కుటుంబం కావల్లంటే తల్లి కుటుంబం కాదా? అడుగుతాను ఆ హెడ్ క్లర్కును."

"పొయ్యి?"

"ముక్కున్న దానిది పొయ్యి. రేపు ముద్ద కట్టి నా ముందర తిను, నేను చూడల్ల."

తిన్నాను. ఆమె ఎదురుగా పీట వేసుకొని, నా నోటి వైపే చూస్తూ కూర్చుంది. ఎట్లుండాది అని అడిగింది. బాగుంది అన్నాను. బాగుంది అంటే చాలదు, ఏముంది అందులో, ఒక్కొక్కటి చెప్పు అన్నది. చెప్పాను. వేరుశనగ, ఆఖర్న తీపి, కొంచెం తడి మన్ను. కండ్లు మూసుకొని విన్నది.

కాబట్టి నేను రావడం లేదు, బావా. మీరు అరుగు మీద అన్న మాట వల్ల మాత్రమే కాదు. అది నెలల పాటు లోపల తిరిగింది, ఇప్పుడు ఇక్కడ రాశాక కొంచెం చల్లబడింది. రావాలని ఉందో లేదో నాకే తెలియక గుమ్మానికీ పొయ్యికీ మధ్య తిరిగాను. అత్త పని చూడాలి కాబట్టి రాలేను అని మీకు రాస్తూ వచ్చాను, నేనూ అదే నమ్మాను. ఆమె సంచి దించాక అడ్డం ఏమీ మిగలలేదు. అప్పుడు తెలిసింది, నాకు ఈ పని కావాలి. ఇందులో నాకు ముక్కుంది, ఇది నా చేతికి వచ్చింది. క్వార్టర్స్‌లో తలకు సీకాయ రాసుకొని పక్కింటావిడకు వాసన తగలకుండా కూర్చోవడం నా వల్ల కాదు. మీరు సెలవు మీద రండి. నేను ఇట్లాగే ఉంటాను. అరుగు మీదా, లోపలా, మీ ఇష్టం, చాప ఒకటే వేస్తాను.

అత్తకు చన్నీళ్ళు పడవు. జ్వరం తరవాత మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోంది. పాలు పొంగి మాడినా తెలియదు, మీరే చూసుకోవాలి. కూరగాయలు కుళ్ళినా తెలియదు. తనకు తెలియదని ఆమె చెప్పదు, మీరూ దాచవద్దు, మొగం మీదే చెప్పండి. ఈ ఉత్తరం మీకు చేరేసరికి ఆమె అక్కడే ఉంటుంది.

అత్త గురువారం పొద్దున మొదటి మదురై బస్సుకు వెళ్ళింది.

నాచ్చియార్